మనవడి సినిమాకు రాహేలమ్మ జవాబు

చంద్రపూర్ బాబుపేట్‌లో ఉంటున్న నేను, కీర్తిశేషుడు జీవానందం భార్య రాహేలమ్మను, చెవులు సగం పోయినా బుద్ధి నిబ్బరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత మా సంఘం పాస్టర్ ఆరోన్‌ది.

1. నా మనవడు రాబిన్సన్‌కు ఇల్లు దక్కదు. నిజాం రోజుల్లో రజాకార్లతో పోరాడిన మా ఆడవాళ్ల కథ నా దగ్గరే కూర్చుని విని, మరాఠీలో సినిమా తీశాడు. అందులో నేను ప్యాంటు తొడుక్కుని గుర్రమెక్కాను. పట్వారీకి తప్ప మా ఊళ్లో గుర్రమెక్కడిది? సరే, దాన్ని క్షమించాను. నా నేస్తం గంగవ్వ పట్టుబడి, మా పేర్లన్నీ చెప్పేసినట్టు చూపించాడు. దాన్ని క్షమించను.

2. జరిగింది కూడా ఇందులోనే ఉండాలి. బీడీలు చుట్టే తునికాకు కట్టల్లో తూటాలు దాచి, నది దాటించి రజాకార్ల మీద పోరాడే మావాళ్లకు చేర్చేవాళ్లం. వానలు మొదలయ్యాక కూడా అదే పని చేశాం. ఎండాకాలంలో కోసే తునికాకును వానలు పడ్డాక ఎవరు కోస్తారు? మా అందరి బుద్ధీ గడ్డి తిన్నది. రేవులో రజాకార్ల కాపలావాడు కట్ట చూడగానే గంగవ్వను పట్టుకున్నాడు. వేళ్లు విరగ్గొట్టారు. ఒక్క పేరూ బయటికి రాలేదు. బతికినన్నాళ్లూ ఆ వంకర వేళ్లతోనే జొన్నరొట్టెలు చేసింది. ఇదంతా వాడికి చెప్పాను. "ద్రోహి లేకుంటే పిక్చర్ నడ్వది బాపమ్మా" అన్నాడు. నడిచింది, వాడి తలకాయ. ఇప్పుడు నల్లా దగ్గర గంగవ్వ మనవరాలు శ్రీజను గద్దార్ మనవరాలు, ద్రోహి మనవరాలు అంటున్నారు.

3. కాబట్టి బాబుపేట్ ఇల్లు, పెరట్లో నిమ్మచెట్టుతో సహా, శ్రీజకు. సినిమావాళ్లు నాకు కప్పిన శాలువా గుమ్మం ముందు వేయండి, కాళ్లు తుడుచుకోవడానికి.

4. నా బైబిలు, ఇత్తడి గంగాళం కోడలు కెజియాకు. అడగకుండా నా మోకాళ్లకు నూనె రాసింది అదొక్కతే. కొడుకు చేసినదానికి తల్లి మీద నాకు కోపం లేదు.

5. రాబిన్సన్‌కు ఒక్క పని ఇస్తున్నాను. సమాధుల తోటలో అందరి ముందు, శ్రీజ వినేలా, తెలుగులో, "గంగవ్వ ఎవ్వరి పేరు చెప్పలే, నేనే అబద్ధం తీసిన" అనాలి. అనేదాకా నా పెట్టె గుంతలోకి దించకూడదు. మన ఎండల సంగతి వాడికి తెలుసు. నాకేం తొందర లేదు.

చంద్రపూర్, 2025 ఏప్రిల్ 22
(సంతకం) రాహేలమ్మ

సాక్షులు:
నాగేశ్వర్, కిరాణా దుకాణదారు
అనూష, ఆ సినిమాలో గంగవ్వ వేషం వేసిన అమ్మాయి