మస్కట్ అంత దూరమేటి అక్కా?

అక్కా,

నువ్వెళ్ళిపోయి నెల దాటింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

నీ మీద కాదు. బావ మీద.

ఆ రోజు నేను ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. బావ ఫోన్ చేశాడు... తెల్లారగట్ల నీ గుండె ఆగిపోయిందని. ఏడుస్తూనే టిక్కెట్టు వెతికాను. మధ్యాహ్నం విమానం ఉంది. ఫ్రీజర్ పెట్టె తెప్పించు బావా, రేపు పొద్దున్నకల్లా నెల్లిమర్లలో ఉంటాను, అక్క మొహం చూడకుండా తీసుకెళ్ళొద్దని బతిమాలాను.

సరే అన్నాడు. అక్కా, సరే అన్నాడు!

మస్కట్ నుంచి హైదరాబాదు రెండువేల కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటలు. రాత్రి అక్కడే ఎయిర్‌పోర్టులో కూర్చుని, తెల్లారి విశాఖ విమానమెక్కితే గంటంబావు. అక్కణ్ణుంచి కారు. ఎండ ముదరకముందే మన వీధిలో దిగాను.

టెంట్‌హౌస్ వాళ్ళు వాకిట్లో కుర్చీలు ఎత్తేస్తున్నారు.

ముందురోజు సాయంత్రమే నిన్ను సమాధి చేసేశారట. నేనప్పుడు ఆకాశంలో ఉన్నాను...

అంతకన్నా మండించింది ఇంకోటి. పక్కింటి పిన్ని నా చెయ్యి పట్టుకుని, రాలేనన్నావట కదమ్మా, మరెలా వచ్చావు అని అడిగింది. ఫారిన్ కదా, చాలా దూరం, సెలవు దొరకలేదట అని బావ అందరికీ చెప్పేశాడు. పాస్టరు గారికి కూడా. నేనెప్పుడన్నానక్కా ఆ మాట?

మొదటిసారి నన్ను విమానం ఎక్కించి వచ్చి, మిల్లులో అందరికీ ఏటి చెప్పుకున్నావో గుర్తుందా? “మా సెల్లి ఊరు దూరమేటి కాదే! మనం రైల్లో ఇచ్చాపురం ఎల్లేలోగా అది ఇమానం దిగిపోతాది!” జనపనార దుమ్ములో నిలబడి నన్ను నర్సుని చేసిన నీకు తెలిసింది. బావకి తెలీదా?

ఆ సాయంత్రం మనవాళ్ళని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో, పాటలయ్యాక, లేచి బావని అడిగేశాను. ఎందుకు అబద్ధమాడావని... అందరి ముందే. తలొంచుకున్నాడు. నిన్ను అలా పెట్టెలో చూస్తూ రాత్రంతా గడపలేననుకున్నాడట. నాకు చెబితే ఒప్పుకోనని అలా చేశాడట. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. కూర్చున్నవాళ్ళంతా అయ్యో అన్నారు.

నాకు జాలి రాలేదక్కా. అతను చూడలేకపోయాడు. నాకు చూసే వీలే లేకుండా చేశాడు. రెండూ ఒకటేనా?

క్షమించమ్మా అన్నారు పాస్టరు గారు. ఇప్పుడు కాదండీ అని కూర్చుండిపోయాను. తప్పా?

మర్నాడే తిరుగు ప్రయాణం. సమాధుల తోటకి ఒక్కదాన్నే వచ్చాను. నీ మీద మట్టి ఇంకా కుంగలేదు. పక్కనే చతికిలబడి బావని నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వుంటే నా నోరు మూసేదానివి కదూ...

ఒక్కటి గుర్తుంచుకో. నేను వచ్చానక్కా. రాలేనని ఎవరు చెప్పినా నమ్మకు.

నీ చెల్లి,
సునీత