గ్లాసు బోర్లించి పోయిన పిల్ల

పీర్జాదిగూడ,
మంగళవారం

ప్రియమైన వదినకు,

ఫోనులో చెబుదామంటే సగంలోనే "ఆగాగు" అంటావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా కూర్చుని చదువు. అన్నకు చూపించాలో వద్దో నీ ఇష్టం.

నాచారంలో మీ పైగది చూడడానికి పోయిన నెల వచ్చిన రెమి గుర్తుందిగా. మిజోరం పిల్ల, ఉప్పల్‌లో నాతోపాటే పార్లర్‌లో పని చేస్తుంది. ఆమె వచ్చి పోగానే నువ్వు నాకు ఫోన్ చేశావు. "చెప్పులు బయటనే ఇడ్సింది. నీళ్లు తాగి గ్లాసు కడిగి బోర్లిచ్చి పోయింది. మంచిగనే ఉన్నట్టుంది. నువ్వేమంటవ్ త్రివేణీ?" అన్నావు. మన దగ్గర గదికి కాగితాలేం రాసుకుంటాం? తెలిసిన మనిషి మాట ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు. ఆ తెలిసిన మనిషిని నేను. "వద్దొదినా, వాళ్ల తాన ఎవరెవరో వస్తుంటరట, ఇంటి పేరు పోతది" అన్నాను. అది అబద్ధం. ఆ పిల్ల కోసం వచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు.

ఎందుకన్నానో కూడా విను. ఆ మధ్యాహ్నమే ఒకావిడ ఫేషియల్‌కు వచ్చింది. నేను గిన్నె పట్టుకుని దగ్గరికి వెళితే నా మొహం చూసి, "ఈమెనా? ఈమె రంగే గిట్లుంటే నాకేం తెల్లగ జేస్తది? ఆ చైనా పిల్లను పిలువుండ్రి. వాళ్లకు పుట్టుకతోనే వస్తది" అంది. పదకొండేళ్లుగా చేస్తున్నాను వదినా ఈ పని. రెమికి కనుబొమల దారం పట్టడం నేర్పింది నేనే. మా ఓనరు హరిచందన మేడమ్, "త్రివేణీ, నువ్వు లోపల తువ్వాళ్లు చూసుకోమ్మా, ఏమీ అనుకోకు" అన్నారు. అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ మంట చల్లారకముందే నీ ఫోన్ వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నాను.

ఆ పిల్లకైనా ఆ మర్యాద పార్లర్ తలుపు దాకే. రోడ్డెక్కితే "మోమో, మోమో" అని వెనక నుంచి కేకలు. లోపల మొహం అప్పగించే ఆడవాళ్లే బయట గది అప్పగించరు. ఇప్పుడుండే చోటు నెలాఖరుకు ఖాళీ చేయాలి. మీ పైగది ఇంకా ఖాళీగా ఉంటే ఆమెకివ్వు వదినా. నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. ఈ రంగుల గొడవ మోసి మోసి అలసిపోయాను.

నీ ఆడబిడ్డ,
త్రివేణి

*

పీర్జాదిగూడ,
శుక్రవారం

వదినా,

నీ జవాబు అందింది. నాలుగుసార్లు చదివాను.

"నీ మాట మీదనే ఒద్దన్న అనుకోకు త్రివేణీ. నాకు ముందే మనసొప్పలే. గల్లీల అందరు ఏమంటరో అని భయమైంది. నీ మాట దొరికింది, గదే మీ అన్నకు చెప్పిన" అని రాశావు. అంటే నా అబద్ధం అవసరమే పడలేదన్నమాట. నా పాపం తగ్గుతుందని రాశావేమో గానీ నాకేమీ తగ్గలేదు. పైగా ఆ గదిలో పృథ్వీ అని ఎవరో ఉద్యోగస్థుడు దిగాడని, "మనోళ్లే, ఏం అడగలే" అనీ రాశావు. అతను గ్లాసు కడిగాడా వదినా?

రెమికి నిజం చెప్పేశాను. తువ్వాళ్లు మడతపెడుతూనే, "అక్కా, అది ఐదో ఇల్లు" అంది. తిట్టినా బాగుండేది. ఇంకో రెండు తువ్వాళ్లు మడిచి, నువ్వు తాగడానికి నీళ్లయితే ఇచ్చావని చెప్పింది. మిగతా నలుగురూ గేటు దగ్గర నుంచే పంపేశారట.

నిన్న ఆమెను నా గదికి తెచ్చుకున్నాను. మా ఇంటి ఓనరు శ్యామలమ్మ మెట్ల మీదే ఆపి, "ఎవరీ పిల్ల?" అని అడిగింది. ఈసారి ఉన్నదే చెప్పాను, నాతో పనిచేసే పిల్ల అని. "నువ్వే కిరాయికుంటున్నవ్, నీ మాటేం చెల్తది? ఇల్లున్నోళ్లెవరన్న చెప్పాలె. మీ వదిన చెప్తే ఉండనిస్త" అని నీ నంబరు తీసుకుంది. ఆదివారం దాకా గడువు, అందుకే ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను.

శ్యామలమ్మ ఫోన్ చేస్తుంది. రెమిని మెచ్చుకోవద్దు, నా కోసం అబద్ధం ఆడొద్దు. నీ కళ్లతో చూసిందే చెప్పు. చెప్పులు బయట విడిచిందని, గ్లాసు కడిగి బోర్లించి పోయిందని చెప్పు. అంతే చెప్పి ఫోన్ పెట్టెయ్.

త్రివేణి