గేటు బయట పిల్ల

రాజలింగం సేటూ,

లింబాద్రి బిడ్డను బడి గేటు బయట నిలబెట్టింది నువ్వే. మొన్న పేరెంట్స్ మీటింగ్‌ల బడి కమిటీ పెద్దమనిషి లెక్క మైకు పట్టుకొని, "తల్లిదండ్రులకే పద్ధతి లేదు, పిల్లలను టైముకు తోలరు" అన్నవు. ఎదురుంగ తల వంచుకున్న లింబాద్రి నీ బట్ట నేసే సాంచాల షెడ్డులనే రాత్రి షిఫ్టు చేస్తడు. పొద్దుగాల్ల షిఫ్టు మనిషి వచ్చేదాక సాంచ ఆపొద్దన్న రూలు నీదే గదా? తల్లి లేని రెండో తరగతి పిల్ల, తోలెటోడు ఆయనొక్కడే; ఆయన ఇల్లు చేరి తోలేసరికి బడి గేటు మూస్తరు. ఇయ్యాల "బాపూ, నేను బడికి పోను, గేటు కాడ అందరు నవ్వుతున్నరు" అని మంచం దిగలేదట. ఆయన నోరు విప్పితే పని పోతది. ఆయన పక్కింట్ల ఉండే నేను నీ కూలి తినను కాబట్టి రాస్తున్న.

బడి టైముకు లింబాద్రిని ఇంటికి విడిచిపెట్టు.
మనిషి రాకుంటే సాంచ బందు పెట్టు, కూలి కొయ్యకు.
వచ్చే మీటింగ్‌ల అదే మైకుల, "తప్పు నాదే" అని ఆ పిల్లకు చెప్పు.