నాలుగు వేళ్ల కోత

నవంబర్ 11, 1998. పట్నం, దవాఖాన

రేపు పొద్దుగాల ఆపరేషన్. డాక్టర్ రఘుపతి సార్ కాయితం మీద గుండె బొమ్మ గీసి చూపెట్టిండు. గుండెల నాలుగు అర్రలుంటయట. ఎడమ దిక్కు రెండు అర్రల నడుమ రెండు రెక్కల తలుపు ఉంటది, దాని పేరు వాల్వ్. నా తలుపు సరిగ మూసుకుంటలేదు. ముందలికి పోవాల్సిన నెత్తురు ఎనుకకు లీక్ అయితాంది. గందుకే నడిస్తె దమ్ము, పండుకుంటె దమ్ము. చిన్నప్పుడు కీళ్లు వాసి జరమొచ్చింది, గా జరమే వాల్వ్‌ను తిన్నదట. అప్పుడు మా అమ్మ కీళ్లకు ఆముదం రాసింది. గుండెకు ఎవరు రాస్తరు.

వాల్వ్ తీసెయ్యరట. రిపేర్ చేసి చుట్టు ఒక రింగ్ కుడ్తరట. రొమ్ము ఎముక, గదే రొమ్ముబొక్క, కొయ్యకుంట, కుడి రొమ్ము కింద పక్కబొక్కల సందుల నుంచి పోతరట. నాలుగు వేళ్లంత కోత. సన్న కెమెరా పెట్టి లోపల చూసుకుంట చేస్తరట. కొత్త తరీక, ఈడ ఇంకా శానమందికి చెయ్యలేదని గూడ చెప్పిండు. దాచకుంట చెప్పినందుకు మంచిగనిపించింది.

గుండె ఎడమకుంటె కుడి దిక్కు నుంచి ఎట్ల పోతరు సార్ అని మా ఆయన అడిగిండు. సార్ ఓపికతోని మల్ల బొమ్మ గీసిండు. మా ఆయన దస్తగిరి పరుపులు కుట్టేటోడు. అంత ఇని, పరుపుల దూది ఉండకట్టితె మొత్తం విప్పం కద సార్, పక్కన జర కుట్టు ఇప్పి చెయ్యి పెట్టి సదిరి మల్ల కుడ్తం, గట్లనేనా అన్నడు. సార్ నవ్వి గట్లనే అన్నడు. అప్పటిసంది మా ఆయన ధైర్యంగున్నడు. నాకు లేదు ధైర్యం. నేను పరుపును కాదు.

పైసలు ఎట్ల పుట్టినయో రాయ. రాస్తె నిద్ర పట్టదు.

నవంబర్ 12, పొద్దుగాల 5

భయమైతాంది. నా బిడ్డ జాహేదా యాదికొస్తాంది. పోరికి ఇంక జడేసుకునుడు రాదు.

నవంబర్ 17

బతికిన.

ఐసీయూల ఏమైందో యాదికి లేదు. పక్కబొక్కల కాడ మంట. దగ్గితె పానం పోయినట్టయితది. అయినా ఒక సంగతి రాయాలె. నిన్న ఎల్లకిల పండుకున్న. మూడేండ్ల సంది గోడకు ఆనుకొని కూసునే నిద్రపోయేదాన్ని. నిన్న సాపుగ పండుకొని తెల్లారేదాంక లేవలే. లేచి ఏడ్చిన. సిస్టర్ నొప్పి అనుకొని సూది తెచ్చింది. వద్దన్న.

నవంబర్ 21

డిస్చార్జ్. సార్ మా ఇద్దరిని కూసోబెట్టి చెప్పిండు. మూడు నెలలు బరువు లేపొద్దు, నీళ్ల బిందె గూడ. పెన్సిలిన్ సూది మూడు వారాలకోసారి తప్పొద్దు. మూడు నెలలకు వచ్చి ఎకో తీయించుకోవాలె. రిపేర్ చేసిన వాల్వ్ కొందరికి మల్ల లీక్ అయితదట. గందుకే దగ్గొచ్చినా దమ్మొచ్చినా ఆగకుంట రావాలె. బయటి గాయం చిన్నదే గని లోపల గుండెను ఆపి పని చేసినం, అది మరువొద్దు అన్నడు. మా ఆయన తలకాయ ఊపిండు. నేను గూడ ఊపిన. బస్సు పోతదని ఇద్దరికి తొందర.

నవంబర్ 24. మక్తల్

గల్లీ అంత చూడవచ్చింది. అందరు నా మెడ కింద చూస్తున్నరు. మొదాల నాకు సమజ్ కాలే. ఐలేశం లెక్క ఉంటదనుకొని వచ్చిన్రు.

ఐలేశం మా ఎదురింటి భద్రమ్మ పెనిమిటి. పోయినేడు పట్నంలనే గుండె ఆపరేషన్ చేయించుకున్నడు. గొంతు కింది నుంచి కడుపు దాంక కోత, అటిటు కుట్ల గుర్తులు, జెర్రి పాకినట్టు. అంగి మీది గుండీలు పెట్టుకోడు. అరుగు మీద కూసోని వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు చూపెడ్తడు. ఏడాది సంది పనికని పుల్ల ముట్టలే. ఎవరింట్ల మేక కాళ్ల పాయ ఉడికినా ఆయనకొక గిన్నె పోతది. ఆయన తప్పేం లేదు పాపం. కోత గంత పెద్దది.

నాది చూపెట్టే జాగల లేదు. మాటలతోని చెప్పిన. రింగ్, కెమెరా, అన్ని చెప్పిన. తలకాయలు ఊపుకుంట ఇన్నరు, మల్ల మెడ కిందనే చూసిన్రు.

నవంబర్ 26

తానం చేసే కాడ అత్త చూసింది. వంగి చూసి, వేళ్లు పెట్టి కొలిచి, గింతేనా అన్నది. పిల్లలు కాకుంట చేసే ఆపరేషన్‌ల ఆమెకు ఇంతకంటె పెద్ద కోత పెట్టిన్రట. వారం తిరుగకముందే దూది ఏక కూసున్నదట.

మా అత్త ఇక్బాల్ బీ చెడ్డది కాదు. నేను దవాఖానల ఉన్నప్పుడు చెప్పులు లేకుంట దర్గాకు నడిచిపోయి ఫాతెహా ఇప్పిచ్చింది. జాహేదాకు పేన్లు తీసి, నూనె పెట్టి, నాకోసం ఏడ్వకుంట ఆడిపిచ్చింది. గని ఆమె పుట్టినసంది కండ్లకు కనబడ్డదే నమ్మింది. కనబడనిది అల్లా ఒక్కడే ఆమెకు.

డిసెంబర్ 3

భద్రమ్మ అత్తతోని అన్నదట. మత్తిచ్చి పండుకోబెట్టి పైపైన తోలు గీరి పంపిన్రేమో, గుండె దాంక పోవాలంటె గింతల అయితదా అని. అత్త అది నాకు చెప్పుకుంట నవ్వింది. మా ఆయన తింటుండె. గిన్నె ఇసిరిండు. రెండు దినాలు ఆమెకు సోయి లేదు, నేను అద్దంల నుంచి చూసిన, మీకేం ఎరుక అని ఒర్లిండు. ఆయన చేతులు కడుక్కొని దుకాణానికి పోయిండు. ఆయన పోయినంక ఇంట్ల మిగిలేది నేను, అత్త. ఆ ఒర్లుడు పొద్దుగూకేదాంక గూడ పని చెయ్యలే.

డిసెంబర్ 19

ఇయ్యాల నేనే బిందె ఎత్తిన. ఎవరు ఎత్తుమనలే. నల్లా కాడ అత్త రెండు బిందెలు మోసుకుంట, మా కోడలు నవాబు బిడ్డ గద అన్నది, నలుగురు ఇనేటట్టు. ఒళ్లు మండింది. ఎత్తి సంకన పెట్టుకొని ఇంటి దాంక తెచ్చిన. ఏం కాలే. దమ్ము గూడ రాలే. డాక్టర్లు ఊకెనే బెదిరిస్తరేమో.

జనవరి 20, 1999. రంజాన్ పండుగ

షీర్ ఖుర్మా నేనే చేసిన. జాహేదాకు కొత్త గౌను తొడిగి, దాని చెయ్యి పట్టుకొని అమ్మగారి గల్లీ దాంక నడిచిపోయిన. ఒక్కసారి గూడ ఆగలే. దారి మీద నవ్వొచ్చింది నాకు, ఎందుకో చెప్పమంటె ఏం చెప్తం? నడిచిన అని చెప్తమా? అమ్మ నన్ను చూసి దిష్టి తీసింది. మస్తు ఖుషీగున్న. పోయిన పండుగకు ఇదే దారిల రెండు సార్లు అరుగుల మీద కూసున్న.

ఫిబ్రవరి 22

మూడు నెలలైంది. ఎకో కోసం పట్నం పోవాలె. గని పెండ్లిల సీజన్. పెండ్లంటె పరుపు, పరుపంటె మా దుకాణం. ఇంటినిండ దూది. అత్త ఏమన్నదంటె, మంచిగ తిరుగుతాంది కద, సీజన్ అయినంక పోండ్రి అన్నది. మా ఆయన నా మొకం చూసిండు. పోదాం అంటె లేసి వచ్చేటోడే. నా చేతిల గూడ సూది ఉన్నది, దిండ్లు కుడ్తున్న. మంచిగనే ఉన్న అన్న.

మార్చి 30

దగ్గు. మా ఇంట్ల దగ్గు ఎవరికి లేదు? అత్త పొద్దుగాల దగ్గితె గల్లీల కోళ్లు లేస్తయ్. మా ఆయనది ఒక తీరు దగ్గు, పోయిన మామది ఒక తీరుండె. దూరం నుంచి ఇని ఎవరొస్తున్నరో చెప్పొచ్చు. సీజన్‌ల దూది దుమ్ముకు అందరికి ఎక్కువైతది. దానికి బెల్లం తినాలె, గొంతుల పడ్డ పోగులు కడుపులకు జారుతయ్. అత్త పెద్ద గడ్డ కొట్టి ఇచ్చింది. తిన్న. జాహేదా గూడ అడిగింది, దానికి దగ్గు లేకున్నా.

ఏప్రిల్ 8

రెండు దిండ్లు పెట్టుకుంటె గాని నిద్ర వస్తలేదు.

ఏప్రిల్ 15

మూడు దిండ్లు. పరుపుల ఇల్లు, దిండ్లకేం తక్కువ.

ఏప్రిల్ 20

కాళ్లు వాసినయి. వేలు పెట్టి ఒత్తితె గుంట పడ్తాంది. మా ఆయన చూసిండు, చూసి నేల మీద కూలబడ్డడు. రేపే పోదాం అన్నడు. మల్ల ఆయననే, ఇరవై ఆరు తారీకు పెండ్లోళ్లకు మాటిచ్చిన, వాళ్ల పరుపులు అప్పజెప్పి తెల్లారి బస్సు ఎక్కుదాం అన్నడు. అత్త, ఎండల కూసోని కుడ్తె ఎవరి కాళ్లయినా వాస్తయ్ అన్నది. ఆమె కాళ్లు గూడ వాసి ఉన్నయ్. చూపెట్టింది.

ఏప్రిల్ 26

నల్లా ఎండిపోయింది. గల్లీ అంత స్కూలు ఎనుక బోరింగు కాడనే. బిందె నింపుకొని నాలుగు అడుగులేసి కూలబడ్డ. లేచిన, మల్ల కూలబడ్డ. లైన్ల నిలబడ్డ భద్రమ్మ, రొమ్ము చీల్చినా మా ఇంటాయన గిట్ల డ్రామాలు చెయ్యలేదమ్మా అన్నది. వాళ్ల ఇంటాయన బోరింగు మొకం చూసి ఏడాది దాటింది.

నాకు ఏడికెళ్లి లేసిందో కోపం. ఆమె రెక్క పట్టి స్కూలు గోడ ఎనుకకు గుంజుకపోయిన. జాకెట్ ఇప్పి, చూడు అన్న. చూసి చెప్పు, నన్ను కోసిన్రా లేదా అన్న. ఆమె బిత్తరపోయింది. వంగి చూసింది. పక్కకు జరిగి, ఎండ పడేటట్టు చూసింది. ఏడున్నదే తాహేరా అన్నది.

ఎక్కిరిస్తలేదు. నిజంగనే ఆమెకు దొరుకుతలేదు. రొమ్ము కింది మడతల పడి రంగు కలిసిపోయింది. నేను తడిమి చూపెడ్దామనుకున్న. నా వేలుకు గూడ ఎంటనే దొరకలే.

హుక్కులు పెట్టుకున్న. నా బిందె భద్రమ్మనే ఇంటి దాంక తెచ్చింది. ఇంత సిగ్గు నా జన్మల ఎరుగ.

ఏప్రిల్ 28

పెండ్లోళ్లు ఇంకో పరుపు అడిగిన్రు. మా ఇంట్లోళ్లు వారం ఆగుదామన్నరు. అయితె అయితది.

మే 7

పొద్దుగాల దూది సదురుతుంటె దగ్గొచ్చింది. ఆగలే. నోట్లకెళ్లి నురగ వచ్చి దూది మీద పడ్డది. గులాబి రంగున్నది. అత్త ముందుగాల దూదిని పక్కకు గుంజింది, ఖరాబైతదని. తర్వాత చేతిల దూదిని చూసింది, నా మొకం చూసింది. దస్తగిరీ అని ఒర్లింది. జీపు తెచ్చిన్రు. రాసుడు అయితలేదు.

మే 10. పట్నం

ఎకో తీసిన్రు. సార్ టీవీ దిక్కు చూసి చెప్పిండు. మల్ల లీక్. రింగ్ ఒక దిక్కు కుట్లు ఇడిసినయట, వాల్వ్ గూడ ముడుచుకపోయిందట.

బిందెలు మోసినందుకేనా సార్ అని అడిగిన. అవునంటె బాగుండని పానం కొట్టుకుంది. అత్త మీదనో భద్రమ్మ మీదనో ఏసి ఊకుందును. గట్ల చెప్పలేమన్నడు. ఏం మోయకున్నా కొందరికి అయితదట. గని దగ్గు మొదలైన్నాడే వస్తె ఇంత దూరం రానియ్యకపోదుము, ఎందుకు రాలేదు, చెప్పిన గద అన్నడు. దూది దగ్గు అనుకున్నం సార్ అన్నడు మా ఆయన. సార్‌కు సమజ్ కాలే.

ఈసారి పక్క నుంచి చెయ్యరట. లోపల అంత అతుక్కపోయి ఉంటదట. రొమ్ముబొక్కను నడిమిట్ల రంపంతోని కోసి, లోహం వాల్వ్ పెడ్తరు. గుండె శాన అలిసింది, ఈసారి డేంజర్ ఎక్కువ అన్నడు. దాచకుంట చెప్పుమని నేనే అన్న. మా ఆయన బయటికి పోయి గోడకు తలకాయ ఆనిచ్చి ఏడ్చిండు. గాజు తలుపుల నుంచి కనబడ్తనే ఉన్నడు.

మే 13

అత్త వచ్చింది. జాహేదాను మా అమ్మ కాడ ఇడిసిపెట్టిందట. రంపం సంగతి మా ఆయన చెప్పంగనే వరండాల నేల మీద కూసుంది. అప్పటిసంది నన్ను నా అంతల నేను లేవనిస్తలేదు. నీళ్ల గ్లాసు గూడ ఆమెనే నోటికి పెడ్తాంది. కాళ్లు పిసుకుతాంది. ఐలేశం చెప్పి పంపిండట, ఆపరేషన్ అయినంక దగ్గొస్తె దిండు రొమ్ముకు గట్టిగ అదుముకోవాలె, లేకుంటె పానం ఉండదని. మంచి మనిషి.

మాపటికి అత్త నా కాళ్ల మీద తలకాయ పెట్టి, మాఫ్ చెయ్యి బిడ్డా అన్నది. చెయ్యాలనే ఉన్నది. ఆమెకు గూడ నా లెక్కనే ఎవరు కూసోబెట్టి అన్నం పెట్టలే ఎన్నడు, అది నాకు ఎరుక. గని కోపం పోతలేదు. గీ ప్రేమంత నవంబర్‌ల ఏడున్నది? ఇంక కొయ్యనే లేదు, అప్పుడే నమ్మింది. అన్నం ముద్ద నోట్ల పెడ్తె మింగిన.

మే 15, పొద్దుగాల

సిస్టర్ వచ్చి రొమ్మంత సబ్బుతోని కడిగింది. కోత ఏడిదాంక వస్తదని అడిగిన. గొంతు కింద గుంత కాడ వేలు పెట్టి చూపెట్టింది. జాకెట్ పైకి కనబడ్తదా అన్న. నేను బుగులు పడ్తున్ననుకున్నది. కొంగు నిండుగ కప్పుకుంటె ఎవ్వరికి కనబడదని ధైర్యం చెప్పింది.

నేను కప్పుకోను.