బతికున్న మనిషి వీలునామా

ఆదివారం రాత్రి, జహీరాబాద్

ఈ పొద్దు ఆరాధనలో వాక్యం చెప్పే ఊపులో నోరు జారాను. రాయికోడ్ ఎస్తేరమ్మ తన అల్లం చేనును మా అనాథల హాస్టల్‌కు వీలునామా రాసిందని మైకులో చెప్పి, అందరితో చప్పట్లు కొట్టించాను. ఆమె కూతురు రూతు ముందు వరుసలోనే ఉంది. అప్పటిదాకా ఆ వీలునామా సంగతి రూతుకు తెలియదు.

ఇలాంటి దానాలు చూసుకునే మా పాస్టర్ల కోసం, హాస్టల్ నడిపే ట్రస్టు ఒక కోర్సు పెట్టింది. పని చేస్తూనే నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకోవచ్చు. రాసినవాళ్లు బతికుండగా వీలునామా బయటపెట్టకూడదన్నదే మొదటి పాఠమట. "బైబిలు ఉండంగ నాకు సర్టిఫికెట్ ఎందుకమ్మా" అని నేర్పే మేడంతో అన్నాను, పోలేదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియవద్దని ఎన్ని ఊళ్లలో గర్జించానో.

ఆరాధన అయ్యాక రూతు, తల్లి కోసం ఆగకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఎస్తేరమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది.

"అయ్యగారు, నేనింకా సావలే గద. అప్పుడే పంచవెడ్తిరా?"

ఆమె ఆటో పోయిన దిక్కు చూసింది.

"రాత్రికి బువ్వ పెట్టేది నా బిడ్డనే. ఇప్పుడు ఏ మొఖం వెట్టుకొని ఇంటికి పోవాలె?"

ఇంటికొచ్చి ఇంతసేపూ బైబిలు తిరగేశాను, దీనికి వాక్యం దొరకలేదు. రేపు పోయి మొదటి పాఠానికి కూర్చుంటాను. రూతు గుమ్మం ముందు నిలబడి నేనేం చెప్పాలో అందులో ఉంటుందా...