మా యులిస్ మిలిటరీ కాగితం

కీర్తిశేషులు ఆనటోల్ థెరియో గారి కుమార్తెను, లూసియానా రాష్ట్రం, సెర్పాన్ కాలువ ఒడ్డున కాపురముంటున్న ఓడీల్ అనే నేను, వయసు ఎనభై ఒకటి, వృత్తి రొయ్యల వలలు అల్లడం, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్ళు పనిచేయవు, ఎడమ చెవి వినపడదు, బుర్ర మాత్రం దివ్యంగా ఉంది. అనుమానమున్నవాళ్ళు నాతో పేకాటకు కూర్చుని చూసుకోవచ్చు. ఇంతకు ముందు నేను రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు.

ఆస్తుల సంగతి మాత్రం చెబితే చాలునని నోటరీ లిరెట్ గారు గొణుగుతున్నారు. ఆయన ఫీజు ఆయనకు ముట్టింది కదా, నేను చెప్పింది చెప్పినట్టు రాయనివ్వండి.

1. కాలువ గట్టున స్తంభాల మీద నిలబెట్టిన నా చెక్క ఇల్లు, దాని కింది స్థలం, బ్యాంకులో నా పేర నిలవున్న సొమ్ము మా తమ్ముడు యులిస్ ఏకైక కుమార్తె, హ్యూస్టన్‌లో నర్సుగా ఉన్న సెలెస్తీన్‌కు చెందవలెను. సర్వహక్కులతో అనుభవించవచ్చు, అమ్ముకోవచ్చు. వర్షాకాలంలో వెనక గది కారుతుంది, అది ముందే చెబుతున్నాను.

2. నా వల సూదులు, కత్తెర, తారు డబ్బాలు, అల్లడం సగంలో ఆగిన పెద్ద వల కాలువ అవతల ఉండే లువా అనే అమ్మాయికి ఇవ్వవలెను. మా తమ్ముడు యుద్ధానికి వెళ్ళిన దేశం నుంచే వచ్చిన మనిషి. ఏటా వాడి సమాధి దగ్గర అగరుబత్తి వెలిగిస్తుంది. ఎందుకమ్మా అని అడిగితే, "ఆయనా మా దేశంలో ఇంటికి దూరంగా ఉన్నవాడే కదా పెద్దమ్మా" అంది. ఊళ్ళో ఇంకెవరికీ తోచలేదు ఆ మాట.

3. ఇక అసలు సంగతి. ఈ మూడో అంశాన్ని నోటరీ ఎదుట ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంగా కూడా పరిగణించవలెను.

యులిస్ వియత్నాంలో ఏడాది యుద్ధం చేసి, ఒక పతకంతో, మోకాల్లో ఇనప ముక్కతో తిరిగి వచ్చాడు. ఇంకొన్ని నెలల కొలువు మిగిలి జార్జియా రాష్ట్రపు సైనిక క్యాంపులో ఉండగా ఇక్కడ తుఫాను కొట్టింది. నాన్న అప్పటికే సముద్రంలో పోయాడు. నాన్న పడవ చెరుకు తోటలో బోర్లా పడి ఉంది. యులిస్, వాడి ఈడువాడే, అదే క్యాంపులో ఉన్న పక్కింటి హ్యూబర్ట్ నాకె, ఇద్దరూ వారం సెలవు పెట్టి వచ్చారు. పడవను లాగి నీళ్ళలో దింపారు. అక్కడితో ఇద్దరూ తిరిగి వెళ్ళిపోయి ఉంటే ఈ వీలునామా ఒక్క పేజీలో అయిపోయేది.

మా కాలువ మీద రొయ్యల కాలానికి ముందు ఫాదర్ గారు పడవలను దీవిస్తారు. ఆయన పవిత్ర జలం చల్లేటప్పుడు ఆ ఇంటి మగవాడు చుక్కాని దగ్గర నిలబడాలి. దీవెన లేని పడవను ఎవరూ కదిలించరు. నాన్న ఒక్క ఏడు కదిలించాడు, పడవ దొరికింది గానీ ఆయన శవం కూడా దొరకలేదు. ఈసారి తుఫానుకు చర్చి కప్పే ఎగిరిపోవడంతో దీవెన ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అంటూ వారాల తరబడి వాయిదా పడింది. వాడి సెలవు అయిపోతున్నా మా అమ్మ యూలలీ పోనివ్వలేదు. వాడి యూనిఫాం, బూట్లు దేవదారు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని మెడలోని జపమాలకు కట్టుకుంది. "ఫాదర్ గారు నీళ్ళు చల్లే దాకా నువ్వు ఇక్కణ్ణుంచి కదిలావంటే నా మీదొట్టే. సైన్యానికి నువ్వు కాకపోతే ఇంకొకడు. ఈ పడవకి నువ్వొక్కడివేరా" అంది.

యుద్ధంలో తలుపులు బద్దలు కొట్టిన మనిషి అమ్మ పెట్టె బద్దలు కొట్టలేకపోయాడు. దీవెన అయ్యాక వెళ్ళేసరికి వాడి పేరు పారిపోయినవాళ్ళలో కలిసిపోయింది. విచారణకు నిలబడతావా, సంతకం పెట్టి పోతావా అన్నారట. సైన్యం నుంచి గౌరవం లేకుండా సాగనంపే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాడు. ఎందుకు ఆగావని అధికారులు అడిగితే, "ఆగాలనిపించింది, ఆగాను" అన్నాడట. అమ్మ పేరు సర్కారు కాగితం మీద పడకూడదని. నేను అప్పటికి పెళ్ళయి టెక్సస్‌లో ఉన్నాను. నాక్కూడా చెప్పలేదు, వెధవ.

ఆ కాగితం చూసి ఎవరూ సరైన పనివ్వలేదు. తాగాడు. పెళ్ళాం పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. ఊపిరితిత్తులు పాడైనప్పుడు మాజీ సైనికుల ఆసుపత్రి వాళ్ళు ఆ కాగితం వెనక్కిచ్చి పంపించేశారు. నేను టెక్సస్ నుంచి తిరిగి వచ్చేశాక, నా వంటింటి పక్క గదిలో దగ్గి దగ్గి పోయాడు. తర్వాత కొన్నాళ్ళకే అమ్మ మంచం పట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టి ఇదంతా చెప్పింది. "నేనేనే వాణ్ణి ఆపింది. పోనీ వాడి మీద బెంగతోనా అంటే అదీ కాదే, పడవ మీద బెంగతో" అని ఏడ్చింది. ఆ పడవను అప్పటికి ఎప్పుడో అమ్మేశాం. అయ్యో, ఎంత పని చేశావే అమ్మా, అనుకున్నాను.

డిశ్చార్జిని గౌరవప్రదంగా మార్చమని సైన్యం వాళ్ళ బోర్డుకు రెండుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి, బతికున్న రోజుల్లో ఆ మనిషే ఏ కారణమూ చెప్పలేదన్నారు. రెండోసారి, మీరు విన్నారే తప్ప చూడలేదు, చూసినవాళ్ళ చేత రాయించి తెండి అన్నారు.

4. మా అమ్మ గంబో పులుసు వండిన ఇనప కుండ, మూతతో సహా, హ్యూబర్ట్ నాకెకు ఇవ్వవలెను. మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు ఆయన. ఏటా మే నెలాఖరు సోమవారం సైనికుల సమాధులన్నిటి మీదా చిన్న జెండాలు గుచ్చుకుంటూ వచ్చి, మా యులిస్ దగ్గర ఆగకుండా దాటిపోయేవాడు. "పారిపోయినవాడికి జెండా ఎందుకక్కా?" అనేవాడు. ఆ కోపానికి కారణం ఉంది. తిరుగు ప్రయాణం నాడు అతను మా ఇంటికొచ్చి పిలిస్తే, "వాడు పొద్దున్నే బయల్దేరాడు నాయనా, ఈపాటికి సగం దారిలో ఉంటాడు" అంది అమ్మ. యులిస్ పడవకు తారు పూస్తున్నాడు. హ్యూబర్ట్ క్యాంపులో ఆ మాటే చెప్పి, అబద్ధాలకోరని శిక్ష అనుభవించాడు. స్నేహితుడే ముంచాడనుకున్నాడు.

అమ్మ పోయాక నేనే వెళ్ళి నిజం చెప్పాను. నువ్వు విన్న ఆ ఒక్క మాట బోర్డుకు రాసివ్వమన్నాను. "మీ అమ్మ చేతి కూడు తిని పెరిగినవాణ్ణి. చచ్చిపోయిన తల్లి అబద్ధమాడిందని నా చేత్తో రాయమంటావా అక్కా? నన్ను చంపినా రాయను" అన్నాడు. ఆ ఏడు మే నెలలో మాత్రం యులిస్‌కు జెండా గుచ్చాడు. నేను పీకేసి వాళ్ళ గుమ్మంలో పడేశాను. దొంగచాటు జెండా మాకెందుకు? ఆ రోజు నుంచి మాటల్లేవు. పీకినందుకు ఇప్పుడు బాధగానే ఉంది.

హ్యూబర్ట్, నువ్వు పిలవడానికి వచ్చిన సంగతి యులిస్‌కు చచ్చేదాకా తెలియదు. నువ్వే వదిలేసి వెళ్ళావనుకున్నాడు. ఆ కుండలో వండుకు తిను. తిని, రాయి. అమ్మ అన్నది అన్నట్టు ఒక్క వాక్యం చాలు. ఆ మాట చెవులారా విన్నవాళ్ళలో బతికున్నది నువ్వొక్కడివే, నీకూ డెబ్బై అయిదు దాటాయి.

5. చనిపోయిన సైనికుడి తరఫున అర్జీ పెట్టే హక్కు దగ్గరి రక్తసంబంధికులకే ఉంటుందట. నా తర్వాత సెలెస్తీన్ తప్ప ఎవరూ లేరు. ఆమె పెట్టకపోతే ఈ వ్యవహారం నాతోనే ఆగిపోతుంది. పోయినసారి అడిగితే, "నన్ను ఒక్క పుట్టినరోజుకీ చూడ్డానికి రాని మనిషి అత్తా. ఇప్పుడాయనకి మంచివాడని సర్టిఫికెట్ తెచ్చి ఏం చేస్తావు?" అంది.

అర్జీ పెడితేనే ఇల్లు దక్కేట్టు షరతు రాయమని లిరెట్ గారు సలహా ఇచ్చారు. వద్దన్నాను. మా ఇంట్లో ఒకరిని తాళం వేసి ఆపింది చాలు. తల్లీ, ఇల్లు నీదే, నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా. మీ నాన్న మంచి తండ్రి కాదు, నేను కాదనను. మంచి సైనికుడు. ఆ రెండో సంగతి వరకే రాయమంటున్నాను.

6. ఈ వీలునామా అమలుదారు నోటరీ థియోడోర్ లిరెట్ గారు. నాకు దహనమో మరొకటో అక్కర్లేదు, మా వాళ్ళ సమాధుల వరసలోనే పూడ్చిపెట్టండి. అమ్మకూ యులిస్‌కూ మధ్య ఒక మనిషికి చోటుంది, అక్కడ. తమ్ముడి పేరు కోసం అమ్మ పేరు సర్కారు కాగితానికి ఎక్కించాను కాబట్టి అమ్మకు నా మీద కోపం ఉంటుంది. వాడు జీవితమంతా దాచింది బయటపెట్టాను కాబట్టి వాడికీ ఉంటుంది. ఇద్దరూ చెరో పక్క నుంచి నన్నే తిట్టుకోనివ్వండి. ఒకరినొకరు ఏమీ అనుకోకుండా ఉంటే నాకదే చాలు.

సమాధులకు సున్నాలు వేసి దీపాలు పెట్టిన పండుగ మర్నాడు, 2024 నవంబరు 2న, చదివించుకుని విని, సమ్మతించి చేసిన సంతకం:

ఓడీల్ థెరియో

సాక్షులు:
ఎస్తెల్ పీత్ర్
విల్మర్ దార్దార్