తూటాల మీద పన్ను

వాగు ఒడ్డు చేను,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు లక్ష్మీకాంత్‌కు,

నీ అక్క వెంకటరావమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. సింగరాయకొండలో పుట్టింట్లో శ్రీరమ్య, పాప కూడా కులాసాగా ఉన్నారని ఈ పొద్దునే ఫోనులో విన్నాను. ఆ మంచుకొండల మీద నువ్వూ, నీ తోటి జవాన్లూ చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంటున్నాను. చల్లగా అంటే నవ్వుతావేమో, నీకు అక్కడ చలికేం తక్కువ!

నీ ఉత్తరం పదహారు రోజులకు చేరింది. పోస్టుమ్యాన్ వాగు మీది చప్టా దగ్గరే ఆగి హారన్ కొడతాడు, చేలోకి రాడు. బురదలో బండి దిగబడుతుందట. నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను. యాభై రెండేళ్ళ ఆడదాన్ని పరుగెత్తిస్తావా అని తిట్టాను కూడా. "తమ్ముడి ఉత్తరం కాకపోతే నువ్వు పరుగెత్తుతావా అక్కా?" అన్నాడు. నిజమే, కరెంటు బిల్లు కోసం ఎవరు పరుగెత్తుతారు? మీ కొండమీది పోస్టులో ఫోను సిగ్నల్ పోయిన దగ్గర్నుంచీ వారానికోసారి ఆ హారన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడమే నా పని.

మిరప ఎలా ఉందని అడిగావు. నాటిన నెలకే నల్ల తామర పురుగు పడి ఆకులన్నీ ముడుచుకుపోయాయి. నీలం జిగురు అట్టలు కట్టాను, మందు మార్చి రెండుసార్లు కొట్టించాను. ఇప్పుడు కొత్త చిగురు వేస్తోంది. పత్తి మొదటి తీత అయింది గానీ, మధ్యలో వాన పడి కొంత దూది రంగు మారింది. నా మోకాలి సంగతి కూడా అడిగావు. అది నా మాట వినడం మానేసి చాలా కాలమైంది, నేనూ దాని మాట వినడం మానేశాను. శ్రీరమ్య ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "వదినా, ఆ రేకుల ఇంట్లో ఒక్కరే ఎందుకు, మా దగ్గరికి వచ్చేయండి" అంటుంది. పందుల నుంచి చేను ఎవరు కాస్తారమ్మా అంటాను నేను. ఎప్పుడూ అదే జవాబు.

తుపాకి గొట్టం శుభ్రం చేస్తున్నావా అని రాశావు. నువ్వు నేర్పినట్టే, కడ్డీకి గుడ్డ చుట్టి నూనె పెట్టి తుడుస్తూ వచ్చాను. మీ బావ పోయాక నీ సెలవంతా కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి లైసెన్సు నా పేరుకు మార్పించావు, ఆ కష్టం మరిచిపోతానా? మీ యూనిట్లో నా కథలు చెబుతున్నావనీ, అందరూ నన్ను పందుల అక్క అంటున్నారనీ చదివి, నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఏడాది తూటాలు దసరాకే ఎలా అయిపోవచ్చాయని నువ్వు అడిగిన దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు మీటింగు సంగతి చెప్పనీ.

పోయిన బుధవారం రైతు సేవా కేంద్రంలో మన మండలం తుపాకి లైసెన్సుదార్లందరినీ పిలిచారు. పంట కాపాడుకునే తూటాల మీద పన్ను తీసేయమని అర్జీ పెట్టాలని అంకమ్మరావు ఏర్పాటు చేశాడు. ఆయన తుపాకి పెళ్ళిళ్ళలో ఫొటోలకు తప్ప గోడ దిగదు. అయినా మాటలో మాత్రం ఆయనకు ఎవరూ సాటి రారు. బడ్జెట్టు రోజుల్లో టీవీ చూసి నేర్చుకున్నాడేమో, లేచి నిలబడి దంచేశాడు.

"విత్తనాల మీద పన్ను వెయ్యరు. ఎందుకని? పంట కోసం గనక. మరి తూటా ఎవరి కోసమండీ? మా ఇంట్లో దీపావళి కోసమా? అదీ పంట కోసమేగా!"

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు రిటైరైన ప్రేమదాసు మాస్టారు లేచారు. ఆయనకు తుపాకి లేదు, చెప్పాల్సింది ఉందని వచ్చారట. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, అందుకని అందరూ మాట్లాడటం ఆపేశారు.

"అంకమ్మరావూ, ఎలక్షన్లొచ్చినప్పుడల్లా మీ తుపాకులు స్టేషన్లో ఎందుకు పెట్టించుకుంటున్నారయ్యా? పందులు ఓట్లేస్తాయని భయమా? మన పక్క ఊళ్ళలో తుపాకులతో ఏం జరిగిందో మనందరం చూశాం. నన్నడిగితే పన్ను రెట్టింపు చెయ్యాలి. నిజంగా పంట పోగొట్టుకునేవాడికి తూటా ఊరికే ఇవ్వాలి. మిగిలినవాళ్ళకి అది ఖరీదు కావాలి."

"రెట్టింపు చేస్తే ఉన్నవాడు కొంటాడు మాస్టారూ. చచ్చేది ఒంటి మనిషే," అని అంకమ్మరావు గబుక్కున నా వైపు చెయ్యి చూపించాడు. "ఇదిగో, మా వెంకటరావమ్మ! మొగుడు పోయిన మనిషి. కొండ పక్క చేను. చేతిలో తుపాకి లేకపోతే ఆమెకు దిక్కెవరు? నువ్వే చెప్పమ్మా."

మండలంలో తుపాకి ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే కదా, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది అందుకేనని అప్పుడు అర్థమైంది. లేచాను. బిల్లులో తూటా ధర ఒక వరస, పన్ను ఇంకో వరస ఉంటుందనీ, ఆ రెండో వరస చూస్తే ఒళ్ళు మండుతుందనీ చెప్పాను. పందులు వారానికి మూడుసార్లైనా వస్తాయని చెప్పాను. నాకే తెలియకుండా గొంతు గట్టిగా వచ్చింది.

మాస్టారు మెల్లగా అడిగారు. "ఈ ఏడు చేలో ఏం వేశావమ్మా?"

"మిరప. పత్తి."

"మొక్కజొన్న లేదా? వేరుశనగ?"

"లేదండి."

"మరి పందులు ఏం తినడానికి వస్తున్నాయి తల్లీ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ముఖం వేడెక్కింది. "తినకపోతే తొక్కవా? నమ్మకపోతే వాగవతల చేను ఇమాం హుస్సేన్ ఇక్కడే ఉన్నాడు, అతన్నే అడగండి!" అన్నాను.

ఇమాం హుస్సేన్ నీకు తెలుసుగా. మీ బావకు కుడిభుజంలా ఉండేవాడు, నన్ను పిన్నమ్మా అంటాడు. ఆ రోజు తన బండి మీద నన్ను తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అంకమ్మరావు నెత్తి కొట్టుకున్నాడు.

"అతన్ని సాక్ష్యం పిలుస్తావేంటమ్మా? ఆ కౌలు చేను జూన్లోనే వదిలేశాడుగా! ఊళ్ళో పంచర్ షాపు పెట్టుకుని ఐదు నెలలైంది."

నేను గుమ్మం వైపు తిరిగి చూశాను. ఇమాం హుస్సేన్ తల వంచుకుని, "వస్తాయండీ. పిన్నమ్మ చెప్పింది నిజమే. నేను రోజూ సాయంత్రం వింటానే ఉన్నా," అన్నాడు. మీటింగు అయిపోయింది. అర్జీలో మొదటి సంతకం నా చేత పెట్టించారు. పెట్టాను.

తిరుగు దారిలో చప్టా దగ్గరికి వచ్చాం. అక్కడ బండి ఆపించాను.

"చేను వదిలేశావా?"

"వదిలేశా పిన్నమ్మా. ఆసామి సొంతానికి చేసుకుంటానన్నాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు బెంగ పెట్టుకుంటావని."

"మరి సాయంత్రం పూట వాగవతల నుంచి పలికేది ఎవర్రా?"

"నేనే. షాపు కాసేపు మా ఇంటిది నసీమున్నీసాకి అప్పజెప్పి వస్తా."

"నేను రోజూ కాల్చనుగా."

"ఏ రోజు మోగుద్దో తెలీదుగా పిన్నమ్మా. అందుకని రోజూ వస్తా. చీకటి పడేదాకా చూసి, మోగకపోతే ఎల్లిపోతా."

తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

పందులు రావడం లేదురా. మీ బావ పోయిన ఏడు వచ్చిన మాట నిజం. అప్పుడు మొక్కజొన్న ఉంది. ఒక సాయంత్రం నాలుగైదు వచ్చి పడితే, గాల్లోకి కాల్చాను. వాగవతల నుంచి ఇమాం హుస్సేన్ కేకేశాడు, "పిన్నమ్మా, పోయినయ్యా?" అని. "పోయినయ్ రా!" అన్నాను. "నువ్వు బాగున్నావా?" అన్నాడు. "బాగున్నా!" అన్నాను. ఆ రోజు పొద్దుటి నుంచీ నేను ఒక మనిషితో మాట్లాడిన మాటలు అవే. రాత్రి అన్నం కూడా బాగా తిన్నాను. ఆ తర్వాత రెండు రోజులు పందులు రాలేదు. ఎదురు చూశాను, రాలేదు. పొద్దు కుంకుతోంది, చేలో ఎవరూ లేరు. తుపాకి తీసుకుని కాల్చాను. "పిన్నమ్మా, పోయినయ్యా?" అని వినబడింది. పోయినయ్ అన్నాను.

మూడేళ్ళుగా ఇదే జరుగుతోంది. నీకు ఉత్తరాల్లో రాసిన పందులన్నీ నేను పుట్టించినవే. పిల్లలతో వచ్చిన పెద్ద ఆడపంది కూడా. మీ జవాన్లు నవ్వుకున్న ఆ కుంటి పంది కూడా. నువ్వు నా గురించి గొప్పగా చెప్పుకుంటుంటే నీ దగ్గర ఆ మాట నిలబెట్టుకోవాలనిపించింది, ఇంకా రాశాను. నన్ను క్షమించు.

తూటాల మీద పన్ను ఉండాలో, తీసేయాలో నాకు తెలియదు. మాస్టారు చెప్పిందీ సబబుగానే ఉంది, అంకమ్మరావు చెప్పిందీ పూర్తిగా అబద్ధం కాదు. నా సంగతి మాత్రం నాకు తెలుసు. పన్ను మూడింతలు చేసినా నేను కొనేదాన్ని. ఆ డబ్బుకు నాకు రెండు మాటలు వినబడేవి. ఇంకొకడు దాని కోసం రోజూ మూడు కిలోమీటర్లు వచ్చి, మూడు కిలోమీటర్లు పోతున్నాడని నాకు తెలియదు.

మర్నాడే అంకమ్మరావు ఇంటికి వెళ్ళి నా సంతకం కొట్టేయమన్నాను. "అర్జీకి బలమే నువ్వు గదమ్మా," అని మండిపడ్డాడు. నా చేలో పందుల్లేవన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అక్కణ్ణుంచి స్టేషన్‌కు వెళ్ళి తుపాకి, మిగిలిన రెండు తూటాలు అప్పగించి రసీదు తీసుకున్నాను. నువ్వు పడిన శ్రమంతా వృథా చేశానని కోప్పడకు. వచ్చే దారిలో షాపు దగ్గర ఆగి, తుపాకి ఇచ్చేశాను, ఇక సాయంత్రాలు రావద్దని ఇమాం హుస్సేన్‌కు చెప్పాను. అతను చేతిలోని ట్యూబు పక్కన పెట్టి, "అయితే నువ్వే రా పిన్నమ్మా, టీ తాగి పోదువుగాని," అన్నాడు. లోపల్నుంచి నసీమున్నీసా కూడా, "రోజూ రావచ్చుగా," అంది. సరేనన్నాను.

శుక్రవారం సాయంత్రం మంచి చీర కట్టుకుని బయలుదేరాను. చప్టా దాటి, ఊరి మొదటి దీపం కనబడే దాకా వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను. చేతిలో ఏమీ లేదు. అడగాల్సిన పని లేదు, ఇవ్వాల్సిన కబురు లేదు. సైకిలు కూడా లేదు, పంచర్ అయిందని చెప్పడానికి. తిరిగి వచ్చేశాను. నిన్నా అంతే.

నాకు భయం కాదురా తమ్ముడూ, ఒంటరిగా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను. నా ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఏదో పని మీద వచ్చినవాళ్ళే. నేను వెళ్ళిన ఇళ్ళన్నిటికీ ఏదో పని మీదే వెళ్ళాను. నువ్వు నలుగురిలో తిరిగినవాడివి, నీకు తెలిసే ఉంటుంది. ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. పనేమీ లేకుండా ఒకరి గుమ్మం ముందు నిలబడి, మొదటి మాట ఏమనాలి?

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అక్క
వెంకటరావమ్మ